లెక్క వేరు, లెక్కచేయడం వేరు

ఖమ్మం జిల్లా బోనకల్ చుట్టుపక్కల మిరప కోత మొదలయ్యే నాటికి రైతు తేల్చుకోవాల్సింది కూలి ఎట్లా ఇవ్వాలన్నది. రోజు లెక్కనా, కిలో లెక్కనా? రోజు లెక్క అయితే సాలు పట్టిన మనిషి కాయ ఎర్రబడిందో లేదో చూసి, తొడిమ ఊడకుండా, కొమ్మ విరగకుండా తుంపుతుంది. మధ్యలో మంచినీళ్ళు, పక్క సాలు వదినతో పరాచికాలు, ఎండ గురించి నాలుగు శాపనార్థాలు. కిలో లెక్క అయితే అదే మనిషి రెండు చేతులా దూస్తుంది. సంచి చూస్తూ ఉండగానే నిండుతుంది. సాయంత్రం కాటా అయ్యాక కల్లంలో కుమ్మరిస్తే పచ్చికాయ, ఆకు, పుల్ల అన్నీ అందులోనే. రైతు తలపట్టుకుంటాడు. ఆమె తప్పేముంది? బరువు అడిగారు, బరువు ఇచ్చింది.

మనిషిని పనికి కదిలించేది ఏమిటన్న ప్రశ్న మీద ప్రపంచమంతా లావుపాటి పుస్తకాలు రాసింది. వాటిలో కొన్ని విశేషాలు మన గట్ల మీద, మన యార్డులో, మన కాల్వల దగ్గర పుట్టినవే. కొన్నింటికి బోనకల్‌తో చుట్టరికం నేను కలిపాను.

తోక తెస్తే డబ్బు

1902లో వియత్నాంలోని హనోయి నగరంలో ఎలుకలు పెరిగిపోయాయి. ఫ్రెంచి పాలకులు చచ్చిన ఎలుకకు ఇంత అని ప్రకటించారు. ఎలుకలన్నీ మోసుకురావడం ఎందుకు, తోక చూపిస్తే చాలన్నారు. తోకలు కుప్పలు తెప్పలుగా వచ్చాయి. కొన్నాళ్ళకు ఊళ్ళో తోకలేని ఎలుకలు తిరుగుతూ కనిపించాయి. తోక కోసి ఎలుకను వదిలేస్తున్నారు, అది పిల్లల్ని పెడితే మళ్ళీ తోకలొస్తాయి కదా! ఊరి బయట ఎలుకల పెంపకం కూడా మొదలైందట. ఒకటి ఆశించి మరొకదానికి బహుమానం ఇచ్చే ఈ తెలివితక్కువతనం మీద స్టీవెన్ కెర్ అనే మేనేజ్‌మెంట్ ఆచార్యుడు 1975లో రాసిన వ్యాసం ఇప్పటికీ బిజినెస్ స్కూళ్ళలో చదివిస్తారు. కిలో లెక్కన మిరప కోయించిన ఏ రైతుకైనా ఆ వ్యాసం విడిగా చదవాల్సిన అవసరం లేదు.

అమెరికా ప్రొఫెసర్, కాకినాడ వ్యాపారులు

ఈ మొత్తం శాస్త్రంలో తెలుగువాళ్ళకు ఒక ప్రత్యేకమైన చోటుంది. ఎంబీఏ చదివినవాళ్ళకు 'కాకినాడ ప్రయోగం' అన్న మాట తెలుసు. కాకినాడలో కాజా తినేవాళ్ళలో చాలామందికి తెలియదు.

డేవిడ్ మెక్‌క్లెలాండ్ హార్వర్డ్‌లో మనస్తత్వ శాస్త్రవేత్త. మనుషుల్ని కదిలించే కోరికలు ముఖ్యంగా మూడన్నాడు: సాధించాలన్న తపన, నలుగురితో కలిసి ఉండాలన్న తపన, నలుగురి మీద పట్టు ఉండాలన్న తపన. మొదటి దాన్ని పట్టుకోవడానికి ఆయన పిల్లల చేత ఒక ఆట ఆడించాడు. నేలలో పాతిన మేకుకు రింగులు విసిరి తగిలించాలి, ఎంత దూరంలో నిలబడాలో వాళ్ళిష్టం. మన జాతరల్లో సబ్బుపెట్టె మీద రింగు వేసే ఆట గుర్తు తెచ్చుకోండి. కొందరు మేకు పక్కనే నిలబడి వేశారు. కొందరు గొప్పకు పోయి మైలు దూరం నుంచి విసిరారు. సాధించాలన్న తపన గట్టిగా ఉన్న పిల్లలు మాత్రం మధ్యస్థంగా నిలబడ్డారు. తేలిగ్గా పడితే మజా లేదు, అసలు పడకపోతే అది తమ చేతిలో ఉన్న పని కాదు.

ఈ తపన పుట్టుకతో రావాల్సిందేనా, నేర్పితే వస్తుందా? ఆ సంగతి తేల్చడానికి ఆయన ఎంచుకున్న ఊళ్ళలో ముఖ్యమైనది కాకినాడ. 1964లో అక్కడి నుంచి 52 మంది చిన్న వ్యాపారుల్ని, యువకుల్ని హైదరాబాద్ యూసుఫ్‌గూడలోని సియెట్ సంస్థకు తీసుకొచ్చి శిక్షణ ఇచ్చారు. అదే ఈనాటి ని-ఎంఎస్‌ఎంఈ. శిక్షణలో లాభనష్టాల పద్దులు నేర్పలేదు. బొమ్మ చూపించి కథ రాయమన్నారు. రాసిన కథలో మనిషి ఏదైనా సాధించాలని చూస్తున్నాడా, లేక విధికి వదిలేసి కూర్చున్నాడా అని వాళ్ళ చేతే లెక్క వేయించారు. ఆటలాడించారు. ఎవరి లక్ష్యం వాళ్ళే రాసుకుని, ఎంతవరకు వచ్చామో వాళ్ళే చూసుకోమన్నారు.

తర్వాత చూస్తే, శిక్షణ పొందనివాళ్ళ కంటే పొందినవాళ్ళు ఎక్కువ గంటలు పనిచేస్తున్నారు, కొత్త వ్యాపారాల్లోకి దిగుతున్నారు, ఎక్కువ పెట్టుబడి పెడుతున్నారు. మెక్‌క్లెలాండ్, డేవిడ్ వింటర్ కలిసి 1969లో దీని మీద పుస్తకమే వేశారు. నాకు అన్నిటికన్నా నచ్చిన ఫలితం వేరే ఉంది. సంప్రదాయాలు, పూజలు, పట్టింపులు ఉన్న మనిషి వ్యాపారంలో ముందుకు పోలేడని అప్పటి పాశ్చాత్య పండితుల నమ్మకం. కాకినాడ దాన్ని కొట్టిపారేసింది. కొట్టు తెరవగానే నిమ్మకాయ కట్టి, గల్లాపెట్టెకు దండం పెట్టి కూర్చునే శెట్టిగారు కూడా రింగు సరైన దూరం నుంచే విసురుతున్నాడన్నమాట.

మెక్‌క్లెలాండ్ మూడు తపనలకు మన దేశం నుంచి ఉదయ్ పారీక్ మరొకటి చేర్చాడు. తనకు లాభం లేకపోయినా ఇంకొకరి పనికి ఆసరా కావాలన్న తపన. ఊళ్ళో పెళ్ళి జరిగితే తెల్లవార్లూ వడ్డనలో తిరిగే నలుగురు కుర్రాళ్ళు ఉంటారే, వాళ్ళను అమెరికా పట్టికలో ఎక్కడ పెట్టాలో తెలియకపోవడం వల్లే ఆ నాలుగోది పుట్టిందని నా అనుమానం. ఇదే పారీక్, మన తెలుగువాడు టి.వి.రావు కలిసి 1970ల నడుమ ఎల్ అండ్ టీ కంపెనీలో హెచ్ఆర్‌డీ విభాగానికి రూపం ఇచ్చారు. దేశంలో ఆ పేరుతో వచ్చిన మొదటి విభాగంగా దాన్ని చెప్పుకుంటారు.

జెండా పాట

ఖమ్మం మిర్చి యార్డులో పొద్దున్నే జెండా పాట అవుతుంది. ఆ రోజుకు వచ్చిన సరుకులో మేలైన తేజ బస్తాల దగ్గర వ్యాపారులు గుమిగూడి పాట పాడతారు. పలికిన ధర మర్నాడు పేపర్లో అచ్చవుతుంది. ఆ ధర ఆ ఒక్క రాశికి పడుతుంది, అన్ని రాశులకూ పడదు. మిగతా బస్తాలు రంగు బాగా లేదనో, తేమ ఉందనో కింది మెట్టుకు దిగుతాయి.

అయినా రైతు మనసులో దిగబడేది జెండా పాట ధరే. తనకు వచ్చినదాన్ని నిరుటి ధరతోనో, పెట్టిన ఖర్చుతోనో పోల్చుకోడు, దానితోనే పోల్చుకుంటాడు. ఈ తంతును మనస్తత్వ శాస్త్రవేత్తలు కానెమన్, ట్వెర్‌స్కీ 1974లో ఒక చక్రం తిప్పి చూపించారు. 10 దగ్గరో 65 దగ్గరో మాత్రమే ఆగేలా చేసిన చక్రం అది. దాన్ని తిప్పాక, ఐక్యరాజ్య సమితిలో ఆఫ్రికా దేశాలు నూటికి ఎన్ని అని అడిగారు. 10 చూసినవాళ్ళు 25 అటూఇటూ అన్నారు, 65 చూసినవాళ్ళు 45 అటూఇటూ అన్నారు. చక్రానికీ ఆఫ్రికాకూ సంబంధమే లేదు. చెవిన పడ్డ మొదటి అంకె బుద్ధిని గుంజకు కట్టేస్తుంది, అంతే. ఒక్క రోజు జెండా పాట ఎగిస్తే మరుసటి ఏడు ఎన్ని ఎకరాలు మిరపలోకి మళ్ళుతాయో మా వైపు విత్తనాల కొట్లవాళ్ళను అడగండి.

2017 ఏప్రిల్‌లో అదే యార్డులో ధర పడిపోయి రైతులు తిరగబడ్డారు. ఆఫీసు ధ్వంసమైంది. పదిమంది రైతులను అరెస్టు చేశారు. మే నెలలో వాళ్ళను కోర్టుకు తెచ్చినప్పుడు చేతులకు బేడీలున్నాయి. ఆ ఫొటో రాష్ట్రమంతా తిరిగింది. పోలీసు అధికారుల మీద సస్పెన్షన్ వేటు పడింది. ఆ ఏడు మిర్చి క్వింటాలుకు ఎంత పలికిందో ఇప్పుడు అడిగితే మా ఊళ్ళో సగం మంది తడుముకుంటారు. బేడీల సంగతి మాత్రం పిల్లలు కూడా చెబుతారు.

మాస్లో గీయని పిరమిడ్

టెట్‌కు, డీఎస్సీకి చదివిన ప్రతి ఒక్కరూ బట్టీ కొట్టిన బొమ్మ ఒకటుంది. అడుగున ఆకలిదప్పులు, ఆపైన భద్రత, ఆపైన ప్రేమ, ఆపైన గౌరవం, కొసన ఆత్మప్రస్తావన. అబ్రహాం మాస్లో అవసరాల అనుక్రమణిక. ఆయన ఈ మాట చెప్పింది 1943లో. పిరమిడ్ మాత్రం ఆయన గీసింది కాదు! 1960 ప్రాంతంలో మేనేజ్‌మెంట్ పత్రికల్లో రాసేవాళ్ళు ఆయన మాటలను ఆ ఆకారంలోకి దించారు. కింది మెట్టు నిండితేగానీ పై మెట్టు కనిపించదన్న మొండి లెక్క కూడా ఆయన చెప్పినంత గట్టిగా లేదు. ఒక అవసరం పూర్తిగా తీరకుండానే మరొకటి తలెత్తుతుందని ఆయనే రాసుకున్నాడు.

మా పెద్దమ్మ ఈ పిరమిడ్‌ను తలకిందులు చేస్తుంది. ఇంట్లో బియ్యం డబ్బా అడుగంటినా సరే, మేనకోడలి పెళ్ళిలో చదివింపు 1116కు తగ్గనివ్వదు. "రేపు మైకులో చదువుతారురా. మన పేరు దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గించి చదవకూడదు" అంటుంది. చదివింపుల పుస్తకం రాసే మనిషి పక్కన ఓ ఐదు నిమిషాలు కూర్చుంటే గౌరవం అనే అవసరం మీద పీహెచ్‌డీకి సరిపడా సరుకు దొరుకుతుంది. చెరగని సిరాతో రాసిన పదహార్లను ఏళ్ళ తరబడి దాస్తారు, తిరిగి ఇవ్వాల్సిన రోజు తీసి చూసుకుంటారు.

ఐదు రూపాయల జరిమానా

ఇజ్రాయెల్‌లోని హైఫాలో పిల్లల సంరక్షణ కేంద్రాలున్నాయి. సాయంత్రం తల్లిదండ్రులు ఆలస్యంగా వస్తున్నారని పది కేంద్రాలను ఎంచుకుని, వాటిలో కొన్నింట జరిమానా పెట్టి చూశారు. ఆలస్యాలు తగ్గలేదు సరికదా, దాదాపు రెట్టింపయ్యాయి. అంతకుముందు "పాపం టీచరమ్మ కూర్చుని ఉంటుంది" అని సిగ్గుపడేవాళ్ళు. ఇప్పుడు ఆ సిగ్గుకు ఒక రేటు వచ్చింది, కట్టేస్తే సరిపోయె. విచిత్రం ఏమిటంటే జరిమానా ఎత్తేశాక కూడా పోయిన సిగ్గు తిరిగి రాలేదు. నీజీ, రుస్టికీని అనే ఇద్దరు 2000లో ఈ సంగతి ప్రచురించారు.

డ్వాక్రా మీటింగుకు రాకపోతే ఐదు రూపాయలు అన్న రూలు పెట్టిన సంఘాలు మా చుట్టూ ఎన్నో. "ఐదే కదక్కా, రాసుకో" అనే మాట కూడా అంతే పాతది.

తాడు లాగితే

పంతొమ్మిదో శతాబ్దం చివర్లో మాక్స్ రింగెల్‌మన్ అనే ఫ్రెంచి వ్యవసాయ ఇంజినీరు మనుషుల చేత తాడు లాగించి బలం కొలిచాడు. మనిషి ఒక్కడే లాగినప్పుడు చూపిన బలాన్ని, ఎనిమిదిమందిలో ఒకడిగా లాగినప్పుడు సగానికి తగ్గించేశాడు. మన దగ్గరా ఆ తాడు ఉంది. 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలైంది. జనం నోట్లో అది కరువు పని. ఆ పనిలో గుంపుగా తవ్విన మట్టికి కొలత పడుతుంది, కూలి పంచుకుంటారు. రింగెల్‌మన్ తాడు అక్కడ బాగానే వదులవుతుంది. గుంపు పెద్ద మేటీని కదిలిస్తే పారకు ఎవరి చెయ్యి ఎంత బరువో గ్రాముల్లో చెబుతాడు.

అయితే గుంపు అన్నివేళలా బద్ధకమే నేర్పదు. అవసరం గట్టిదైతే ఏం జరుగుతుందో రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు కర్నూలు జిల్లా కాల్వల కింది ఊళ్ళలో తిరిగి చూశాడు. 1988లో ఆయన పుస్తకం వచ్చింది. కాల్వ మొదట్లో నీళ్ళు పుష్కలంగా ఉన్న ఊళ్ళలో ఎవరి గొడవ వాళ్ళది. నీళ్ళు అందుతాయో అందవో తెలియని చివరి ఊళ్ళలో మాత్రం రైతులంతా కూడి, నీళ్ళు కట్టే మనుషుల్ని ఉమ్మడిగా జీతానికి పెట్టుకున్నారు, పొలాల కాపలాదార్లను పెట్టుకున్నారు. డబ్బెక్కడిది? కోతలయ్యాక ఊరి పొలాల్లో గొర్రెలు మేపుకునే హక్కును వేలం వేసి ఊరుమ్మడి నిధిగా దాచారు. ప్రభుత్వం చెప్పింది కాదు, ఏ స్వచ్ఛంద సంస్థా నేర్పింది కాదు.

సాగర్ ఎడమ కాల్వ నుంచి వచ్చే బోనకల్ బ్రాంచి కాల్వ కింద పొలమున్నవాళ్ళకు ఇది అర్థం చేయించనక్కర్లేదు. నీళ్ళు ఎగువన ఆగి, ఇక్కడ పైరు వాడుతున్న రాత్రి టార్చిలైటు పట్టుకుని తూముల వెంట నడిచేవాళ్ళలో పగలు పలకరించుకోని పాలివాళ్ళు కూడా ఉంటారు. తెల్లారి నీళ్ళొచ్చాక మళ్ళీ పలకరింపుల్లేవు, అది వేరే సంగతి.

జాబితాలో పేరు

మా రైలు పట్టాలకు అవతల, ఇల్లెందు దగ్గర సింగరేణి గ్రామంలో 1889లో బొగ్గు తవ్వకం మొదలైంది. ఆ ఊరి పేరే కంపెనీ పేరైంది. ఏటా దసరా దగ్గర పడుతుంటే కొత్తగూడెం నుంచి మందమర్రి దాకా ఒకటే చర్చ, ఈసారి లాభాల వాటా ఎంత శాతమని. 2024 సెప్టెంబరులో 33 శాతం ప్రకటించారు. పర్మినెంటు కార్మికుడికి సగటున 1 లక్షా 90 వేలు. అదే ఏడు మొదటిసారి కాంట్రాక్టు కార్మికులకు తలా 5 వేలు ఇచ్చారు. అంకెల్లో చూస్తే రెంటికీ పోలికే లేదు. మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ 1959లో ఇంజినీర్లను, అకౌంటెంట్లను అడిగి చెప్పింది ఏమిటంటే, జీతం తక్కువైతే అసంతృప్తి వస్తుంది కానీ ఎక్కువైనంత మాత్రాన ఉత్సాహం రాదు, గుర్తింపు దొరికితే వస్తుంది. ఆయన మాటను కాంట్రాక్టు కార్మికుల సంఘాలు ఒప్పుకోవు, ఒప్పుకోకపోవడం న్యాయం కూడా. ఐదు వేలను గుర్తింపు అని సరిపెట్టుకుంటే మిగతాది ఎవరడుగుతారు? కానీ వాటా జాబితాలో తమ లైను కూడా ఉందన్న వార్తకు ఆ రోజు కంపెనీ క్వార్టర్లు లేనివాళ్ళ ఇళ్ళలో మిఠాయి తినలేదంటే నేను నమ్మను.

తహసీల్దారు అలక

గుర్తింపు దక్కని ఉద్యోగి గోడు తెలుగులో ఎప్పుడో పాడింది మా వైపు మనిషే. నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న తానీషా కొలువులో పాల్వంచ పరగణా తహసీల్దారు. వసూలైన శిస్తుతో భద్రాచలం గుడి కట్టించి గోల్కొండలో ఖైదయ్యాడు. ఆయన్ను ఉంచారని చెప్పే బందిఖానాను ఇప్పటికీ కోటలో చూపిస్తారు. ఆయన కీర్తనల్లో ఒకదాంట్లో సీతమ్మకేం చేయించాడో, లక్ష్మణుడికేం చేయించాడో, ఒక్కో నగకు ఎన్ని వరహాలయ్యాయో వరసగా ఏకరువు పెడతాడు. ఇంత చేస్తే పట్టించుకోవా అని రాముణ్ణి నిలదీస్తాడు. చివరికి దెబ్బల బాధకోర్వలేక తిట్టానని క్షమించమంటాడు. మూడున్నర శతాబ్దాల కిందటి మనిషి. ఏ ఆఫీసు క్యాంటీన్లో అయినా అదే వరస వినిపిస్తుంది, వరహాలు ఒక్కటే తేడా.

గోటితో వడ్లు

ఆ భద్రాచలం గుడికే ఏటా శ్రీరామనవమికి కోరుకొండ నుంచి గోటి తలంబ్రాలు వస్తాయి. రాజమండ్రి దగ్గరి ఆ ఊళ్ళో వరి ప్రత్యేకంగా పండిస్తారు. హనుమంతుడి వేషం కట్టి పొలం దున్నుతారు, విత్తుతారు. పండిన వడ్లను రోకలికీ మిల్లుకూ తాకించరు. ఒక్కో గింజను వేలి కొసల్లో పట్టుకుని, బొటనవేలి గోరుతో పొట్టు చీల్చి, బియ్యపు గింజ విరగకుండా బయటికి తీస్తారు. విరిగితే పనికిరాదు. కాసేపు వలిస్తే గోటి సందున నూగు గుచ్చుకుంటుంది, వేలికొస మండుతుంది. ఎన్నో ఊళ్ళ ఆడవాళ్ళు, మగవాళ్ళు వడ్లు అడిగి తీసుకెళ్ళి మరీ వలుస్తారు. ఒక్క పైసా రాదు.

గింజకు ఇంత అని ఎవరైనా రేటు కడితే? 1970లలో మనస్తత్వ శాస్త్రవేత్తలు బొమ్మలు గీయడం ఇష్టమున్న చిన్న పిల్లలకు గీస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పి, ఇచ్చి చూశారు. కొన్నాళ్ళ తర్వాత ఆ పిల్లలు, ఏమీ ఆశ చూపించని పిల్లలకంటే తక్కువ సేపు బొమ్మలు వేశారు. కోరుకొండ వాళ్ళు ఆ పరిశోధన చదివి ఉండరు. రేటు మాత్రం ఎవరూ కట్టలేదు.

కోత ఆఖరి రోజు

బోనకల్లో అడవి లేదు. కాయ కోత నాటికి అడవి దిక్కు నుంచి మనుషులొస్తారు. భద్రాచలం ఏజెన్సీ నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి, పిల్లా జెల్లాతో వచ్చి చేల గట్ల మీద టార్పాలిన్ గుడారాలు వేసుకుంటారు. మా తమ్ముడి చేలోకి వరసగా మూడేళ్ళు ఒకే గుంపు వచ్చింది. పెద్ద ఒక ముసలామె. పోయిన కోత ఆఖరి రోజు లెక్క చూసి డబ్బులిచ్చాక ఆమె కదల్లేదు. కూలి తక్కువైందేమోనని తమ్ముడు మళ్ళీ లెక్క పెట్టబోయాడు.

"లెక్క కరెస్టేనయ్యా. నీ ఫోన్ల మా పేరు ఏమని రాసుకున్నవ్?"

తమ్ముడు తీసి చూపించాడు. ఆమెకు చదవడం రాదు. మనవణ్ణి పిలిచింది, వాడిది ఐదో తరగతి. వాడు వంగి చదివాడు: "కాయకోత రెండు."

ఎవరూ ఏమీ అనలేదు. తమ్ముడే మొహం దించుకుని, ఆమె పేరడిగి, అక్షరాలు కొట్టి, ఫోన్ మళ్ళీ పిల్లాడి చేతికిచ్చాడు. వాడు కూడబలుక్కుని ఇంటిపేరుతో సహా పైకి చదివాడు. ఇంకోసారి చదవమంది. చదివాక వెళ్ళి ట్రాక్టరెక్కింది.